ఇంటి యంత్రమునకు యజమానులెవరు?

ఇంటిలోని యే వస్తువు ఎంతకాలము పనికివచ్చునో, ఎప్పుడు మూలకు చేరవలయునో నిర్ణయించు నధికారము అనాదిగా గృహిణిది. రోలు నునుపెక్కినచో గాట్లు పెట్టింతుము. బిందెకు చిల్లి పడినచో మాటు వేయింతుము. చీర చినిగినచో బొంత కుట్టుదుము. ఆ బొంతయు చివికినప్పుడు గాని దానికి సెలవీయము. ఇట్లు సంసారములను నడుపుకొని వచ్చిన మనము కంప్యూటరు విషయమున మాత్రము ఆ యధికారమును పరులకు విడిచిపెట్టితిమి. యంత్రము చెడలేదు; తెర వెలుగుచున్నది; మీటలు పనిచేయుచున్నవి. అయినను ఎచ్చటనో యున్న కంపెనీవారు దీని కాలము తీరినదని చెప్పగా, మనము తల యూపి క్రొత్తదానికి డబ్బు వెదకుకొనుచున్నాము. ఇది యెంతవరకు సమంజసము? దీనికి మార్గాంతరము కలదా? ఈ విషయమును సోదరీమణులతో ముచ్చటింప దలచినాము.

ఈ ప్రశ్న ఇప్పుడేల పుట్టినదో మొదట చెప్పవలయును. మన యిండ్లలోని కంప్యూటర్లలో పెక్కింటియందు మైక్రోసాఫ్టు కంపెనీవారి విండోసు 10 అను సాఫ్టువేరు కలదు. అది 2015లో వెలువడినది. 2025 అక్టోబరు 14వ తేదీతో దానికి మామూలుగా నిచ్చుచుండిన రక్షణ సవరణలను కంపెనీవారు నిలిపివేసిరి. కోరినవారికి మరికొంత కాలము వానిని పొడిగించు నేర్పాటు చేసిరి. కాని గడువు గడువే గాని పరిష్కారము గాదు. పోనీ, తరువాతిదైన విండోసు 11నకు మారుదమన్నచో, యంత్రమున టీపీఎం 2.0 అను భద్రతా సాధనమును, కొంత క్రొత్త తరమునకు చెందిన ప్రాసెసరును ఉండవలయునని నిబంధన. సుమారు 2018నకు పూర్వము తయారైన యంత్రములలో పెక్కులు ఈ పరీక్షలో నెగ్గవు. సవరణలు నిలిచిన యంత్రము మరునాడే ఆగిపోదు, నిజమే. కాని గడియ ఊడిన తలుపు వంటిదగును. క్రొత్తగా బయటపడిన లొసుగుల గుండ దొంగలు ప్రవేశింప వీలు కలుగును. బ్యాంకు లెక్కలు, ఆధారు కాగితములు, పిల్లల సర్టిఫికెట్లు అందే యుండగా ఇది ఉపేక్షింప దగినది కాదు.

మా రామగుండము, గోదావరిఖని ప్రాంతమున దీని బరువు ప్రత్యక్షముగా చూచుచున్నాము. 2020లో కరోనా వలన బడులు మూతబడినప్పుడు పాఠములకై అనేక కుటుంబములవారు ల్యాప్‌టాపులు కొనిరి. స్థోమత చాలనివారు ఒకరు వాడి విడిచినవానిని కొనిరి. ఇప్పుడవియే పాతవైనవి. మరల ముప్పది నలువది వేల రూపాయలు తెచ్చుట బాయిపనికి పోవు పర్మినెంటు కార్మికుని యింట కష్టము. కాంట్రాక్టు కార్మికుని యింట దాదాపు అసాధ్యము. అట్టి యిండ్లలో మొదట ఆగిపోవునది ఎవరి చదువో చదువరులకు వేరుగ చెప్పనక్కరలేదు. కావుననే ఇది యంత్రముల ముచ్చట మాత్రమే గాదు, ఆడపిల్లల ముచ్చట గూడ నగుచున్నది.

కంప్యూటరునందు ఆపరేటింగు సిస్టము అనునది యొకటి యుండును. గనిలో మైనింగు సర్దారు చేయు పని అది చేయును. ఏ కార్మికుడు ఏ చోటికి పోవలయును, ఎవరికి ఏ పనిముట్టు అందవలయును, ఎచ్చట ప్రమాదము కలదు అని చూచుచు పనిని నడుపువాడు సర్దారు. అట్లే తెర, మీటలు, జ్ఞాపకశక్తి, ప్రింటరు మున్నగువానినెల్ల ఒక త్రాట నడుపునది ఆపరేటింగు సిస్టము. అది లేనిదే యంత్రము లోహపు ముద్ద. విండోసు అట్టిదే. లినక్సు అనునదియు నట్టిదే. రెంటికిని గల భేదము పనిలో కన్న హక్కులో హెచ్చుగా నున్నది.

ఈ భేదమును తెలిసికొనుటకు కంపెనీ క్వార్టరు మంచి దృష్టాంతము. సింగరేణి క్వార్టరులో ముప్పదియేండ్లు కాపురముండవచ్చును. పిల్లల పెండ్లిండ్లు చేయవచ్చును. వాకిట ముగ్గు పెట్టి, పెరట కరివేపాకు పెంచుకొనవచ్చును. కాని గోడ పడగొట్టి గది కలుపుకొను హక్కు లేదు. ఉద్యోగ విరమణ కాగానే తాళముచెవి అప్పగింపవలయును. విండోసు వంటివానిని మనము కొనుచున్నామనుకొందుము గాని, నిజముగా కొనునది కాపురముండు ననుమతి మాత్రమే. లినక్సు అట్లు గాక, పటముతో సహా చేతికిచ్చిన సొంత యింటి వంటిది. ఉండవచ్చును, మార్చుకొనవచ్చును, అట్టి యిల్లే మరియొకరికి కట్టి యీయవచ్చును.

ఓపెన్ సోర్సు అను మాటకు అర్థమును మన ప్రాంతమువారికి చెప్పుట మరియు సులభము. ఇంక్లైనులో భూమి లోపల ఏమి జరుగుచున్నదో పైనున్నవారికి కనబడదు. ఓపెన్ కాస్టులో నైతే బొగ్గుపొర, మట్టిపొర, రాతిపొర ఎల్లరకును పగటి వెలుగున కనబడును. ఓపెన్ కాస్టు వలన మన వంటయిండ్లలో పడు దుమ్ము మాట వేరు. ఇచ్చట దృష్టాంతమునకు మాత్రమే చెప్పుచున్నాము. సాఫ్టువేరును వ్రాసిన మూలలిపిని దాచక అందరి యెదుట నుంచుట ఓపెన్ సోర్సు. తెలిసినవారు దానిని చదువవచ్చును, దోషము లెంచవచ్చును, దిద్దవచ్చును, దిద్దినదానిని పంచిపెట్టవచ్చును.

ఈ మార్గమునకు పునాది వేసినవారిలో రిచర్డు స్టాల్‌మన్ ముఖ్యుడు. అమెరికాలోని ఎంఐటీ యను విద్యాసంస్థలో పనిచేయుచుండిన ఆతడు 1983లో గ్నూ అను పేర స్వేచ్ఛాసాఫ్టువేరు నిర్మాణమును ప్రకటించెను. దానిని ఎవ్వరును తిరిగి తాళము వేసి దాచకుండునట్లు 1989లో జీపీఎల్ అను హక్కుపత్రమును వెలువరించెను. 1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయమున చదువుచుండిన ఇరువదియొక్క యేండ్ల లినస్ టోర్వాల్డ్స్ తన యింటి కంప్యూటరు కొరకు ఒక కెర్నెలును, అనగా వ్యవస్థకు నడిమి గింజ వంటి భాగమును, వ్రాసి లోకమున కిచ్చెను. ఆ రెండు ప్రవాహములును కలిసినవి. ఆ పిమ్మట డెబియన్ 1993లోను, ఉబుంటు 2004లోను, లినక్సు మింటు 2006లోను వెలసినవి. ఇవి యన్నియు ఒకే పిండితో చేసిన వేర్వేరు వంటకముల వంటివి. మన దేశమున సీ-డాక్ అను ప్రభుత్వ సంస్థవారు బాస్ అను పేర ఇట్టిదానినే సిద్ధపరచిరి.

ఇది యెవరో పండితులు మాత్రమే వాడునది యని కొందరి యపోహ. మన చేతిలోని ఆండ్రాయిడు ఫోనునకు అడుగున నున్నది లినక్సు కెర్నెలే. ఫోనులోని తక్కిన సరంజామా యంతయు స్వేచ్ఛది కాకపోవచ్చును గాని, పునాది యదియే. ప్రపంచమున మిక్కిలి వేగవంతములైన 500 మహాకంప్యూటర్ల పట్టికలో 2017 నవంబరు నుండి ఉన్నవన్నియు లినక్సు మీద నడచునవియే. 2021లో అంగారకుని మీద ఎగిరిన ఇంజెన్యూయిటీ యను చిన్న హెలికాప్టరును గూడ లినక్సే నడపినది. అంగారకునిపై పనికివచ్చినది అంగడి లెక్కలకు పనికిరాదా?

ఇక జనులు దీనికి మారుటకు గల కారణములను విచారింతము.

మొదటిది ధనము. లినక్సునకు వెల లేదు. క్రొత్త యంత్రము కొననక్కరలేదు. లినక్సు మింటులో తేలికయైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకమునకు నాలుగు జీబీల జ్ఞాపకశక్తి గల పాత యంత్రము చాలును. లేఖలు, లెక్కలు వ్రాసికొనుటకు లిబ్రెఆఫీసు, ఇంటర్నెట్టు చూచుటకు ఫైర్‌ఫాక్సు దానితోనే వచ్చును. మా వీధిలో నొక కార్మికుని యింట పదియేండ్ల నాటి ల్యాప్‌టాపు కలదు. మరమ్మతు చేయువారు దానిని పాతసామానులో వేయుమనిరి. డిగ్రీ చదువు పెద్దకూతురు స్నేహితురాలి సాయముతో అందు మింటును పెట్టెను. మొదటి వారమున ప్రింటరు మొరాయించినది. ఇంటిల్లిపాదియు ఆ పిల్లను దెప్పినారు. అది కుదిరిన పిదప ఎవరును మారుమాట యాడలేదు. ఇప్పుడు పగటిపూట ఆమె చదువునకును, రాత్రి తల్లి చేయు మహిళాసంఘపు పొదుపు లెక్కలకును ఆ యంత్రమే యాధారము. ఆ తల్లి ఏడవ తరగతి వరకే చదివినది. లెక్కలన్నియు తెలుగులోనే వ్రాయుచున్నది.

రెండవది భద్రత. లినక్సునకు వైరసులు సోకనే సోకవని చెప్పువారి మాట నమ్మరాదు. దోషములు లేని సాఫ్టువేరు లేదు. కాని దోషము బయటపడు విధము వేరు. 2024 మార్చిలో జరిగిన యొక విషయము వినదగినది. లినక్సు వ్యవస్థలలో వాడు ఎక్స్‌జెడ్ అను చిన్న సాధనమునందు ఎవరో రహస్యముగా దొంగతలుపు నమర్చిరి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు తన కంప్యూటరులోనికి ప్రవేశించు పని మామూలు కన్న సుమారు అర సెకను ఆలస్యమగుచున్నదని గమనించి, కారణమును వెదకుచు పోయి, ఆ దొంగతలుపును పట్టుకొనెను. ఆతడు మైక్రోసాఫ్టులోనే ఉద్యోగి యగుట విశేషము. పాలు విరుగుటకు ముందే వాసనతో పసిగట్టు గృహిణికి ఈ నేర్పు క్రొత్త గాదు. అయినను మూలలిపి బాహాటముగా నుండుట చేతనే గదా ఆతడు తుదిదాక వెదకగలిగెను. దొంగ లోనికి వచ్చుటయు ఆ స్వేచ్ఛ వలననే యనువారు కలరు. ఆ మాటయు కొట్టివేయదగినది కాదు. తెరచిన యింటికి కాపలా యుండవలయును.

మూడవది పరాధీనత. ఒకరి తాళముచెవి మీద మన పని యంతయు ఆధారపడినచో ఏమగునో 2025 జులైలో మన దేశమున చూచితిమి. ఐరోపా సమాజమువారు విధించిన ఆంక్షల దరిమిలా, మన దేశపు చమురు సంస్థయైన నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్టువారు తమ సేవలను ఆపివేసిరి. ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టు నాశ్రయించిన కొలది దినములలో సేవలు మరల ప్రారంభమైనవి. అంత పెద్ద సంస్థకే అట్టి స్థితి యేర్పడినప్పుడు ప్రభుత్వములును, పాఠశాలలును ముందుచూపు వహించుట న్యాయమే. భారత ప్రభుత్వము తన కార్యాలయములలో ఓపెన్ సోర్సునకు మొగ్గు చూపవలయునని 2015లోనే విధానమును ప్రకటించినది.

నాల్గవది భాష. ఇది మాకు మిక్కిలి ప్రియమైనది. వ్యాపారి లాభము లేని భాషను పట్టించుకొనడు. దానిని తప్పుపట్టియు ప్రయోజనము లేదు. మూలలిపి చేతిలో నున్నచో భాషాభిమానులే ఆ పనికి పూనుకొనవచ్చును. హైదరాబాదులోని స్వేచ్ఛ యను సంస్థవారు తెలుగున మాటలాడు ఆపరేటింగు సిస్టము కొరకు పాటుపడినారు. ఆ సంస్థ పేరే వారి యాశయమును చెప్పుచున్నది. తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు పోతన, వేమన యను తెలుగు అక్షర రూపములను నిర్మించి స్వేచ్ఛగా లోకమున కిచ్చిరి. భాగవతమును రాజులకు అంకితమీయనొల్లని బమ్మెర పోతన పేరు, వెలకు అమ్మని అక్షరములకు ఉండుట యెంత యుచితము! సిలికానాంధ్ర సంస్థ ద్వారా 2013 ప్రాంతమున పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, తెనాలి రామకృష్ణ, గిడుగు, గురజాడ మున్నగు పేర్లతో మరికొన్ని ఖతులు స్వేచ్ఛా హక్కులతో వెలువడినవి. భువనవిజయము కంప్యూటరులో మరల కొలువుదీరినట్లున్నది. వీనిని లినక్సునందే గాక దేనియందైనను వాడుకొనవచ్చును. తెలుగు టైపు చేయుటకు ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్టు మీటల పద్ధతి లినక్సునందు సిద్ధముగా నుండును.

ఒక రాష్ట్రము మొత్తము ఈ దారిని నడచిన దృష్టాంతము పొరుగుననే యున్నది. కేరళలో ఐటీ ఎట్ స్కూల్ అను పథకము 2001లో నారంభమై, కొలది సంవత్సరములలో స్వేచ్ఛాసాఫ్టువేరువైపు మరలినది. అది 2017లో కైట్ అను ప్రభుత్వ సంస్థగా మారినది. 2019లో రెండు లక్షలకు పైగా బడి కంప్యూటర్లలో లినక్సును పెట్టుటకు పూనుకొని, దాని వలన 3,000 కోట్ల రూపాయలు మిగులునని ఆ సంస్థవారు ప్రకటించిరి. సొమ్ము కన్న ముఖ్యమైన సంగతి యొకటి కలదు. వారు యంత్రములకు ముందు ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిరి. బడిపంతులు ఇంటివారమైన మేము ఈ సూక్ష్మమును గట్టిగా చెప్పదలచినాము. పంతులుకు రాని విద్య పెట్టెలో నెంత యుండిన నేమి?

ఈ దారి యెల్లరకును సుఖముగా సాగలేదు. జర్మనీలోని మ్యూనిక్ నగరమువారు 2003లో లినక్సునకు మారుటకు నిశ్చయించి, పదియేండ్లలో సుమారు 15,000 కంప్యూటర్లను మార్చిరి. ఉద్యోగుల యసంతృప్తి, రాజకీయముల నడుమ 2017లో మరల విండోసునకు పోవ నిర్ణయించిరి. ఫ్రాన్సు దేశపు పోలీసు దళమైన జాందార్మెరీ మాత్రము ఉబుంటు ఆధారముగా తన కొరకు చేసికొన్న వ్యవస్థను విడువక వాడుచున్నది. సహనము, శిక్షణ, నిర్వహణ యున్నచోట నిలిచినది, కొరవడినచోట జారినది. సంసారముల సంగతియు నింతే గదా.

ఎవరు మారరాదో గూడ చెప్పుట మా విధి. మన యూళ్ళలో పెండ్లిపత్రికలు, ఫ్లెక్సీలు చేయు డీటీపీ పనివారు అనూ అక్షరములతో, పేజ్‌మేకరు, ఫోటోషాపు వంటివానితో పనిచేయుదురు. అవి విండోసు కొరకు చేయబడినవి. లినక్సున సూటిగా నడువవు. ఆ జీవనోపాధి గలవారు తొందరపడరాదు. ట్యాలీలో లెక్కలు వ్రాయువారికిని, ప్రభుత్వ పనులకై డిజిటలు సంతకపు సాధనమును వాడువారికిని చిక్కులు రావచ్చును. కొన్ని ఆటలు ఆడ వీలులేదని పిల్లలు అలుగుదురు. దానిని నష్టమందుమో లాభమందుమో తల్లులే నిర్ణయింతురు గాక. వర్డులో చేసిన పత్రము లిబ్రెఆఫీసునందు తెరచుకొనును గాని, ఒక్కొక్కప్పుడు వరుసలు కొంచెము చెదరును. ఉద్యోగ దరఖాస్తు వంటిదానిని పంపునప్పుడు పీడీఎఫ్‌గా మార్చి పంపుట మేలు.

పూనుకొనువారికి కొన్ని సూచనలు. మొదట యంత్రమున నున్న ఛాయాచిత్రములను, కాగితములను వేరొక చోట భద్రపరచుకొనవలయును. ఈ పని ముగియక మరియొకటి తలపెట్టరాదు. పిమ్మట ఎనిమిది జీబీల పెన్‌డ్రైవున లినక్సును ఎక్కించి, దానితోనే కంప్యూటరును తెరచి చూడవచ్చును. దీనిని లైవ్ పద్ధతి యందురు. లోపలి విండోసును ఇది తాకదు. కూర దింపకముందే చిటికెడు రుచి చూచుట వంటిది. వైఫై అందుచున్నదా, శబ్దము వచ్చుచున్నదా, కెమెరా, ప్రింటరు పనిచేయుచున్నవా అని ఒకటి రెండు దినములు పరీక్షింపవలయును. బాగున్నచో అప్పుడు స్థాపించుకొనవచ్చును. చోటున్నచో విండోసును ఉంచుకొని ప్రక్కన లినక్సును పెట్టుకొను పద్ధతియు కలదు. యంత్రము మందముగా నున్నచో, తిరుగు చక్రము గల పాత హార్డుడిస్కునకు మారుగా ఎస్‌ఎస్‌డీని వేయించిన మిక్కిలి వేగము వచ్చును. సవరణలు వచ్చినప్పుడెల్ల స్వీకరించుట మరువరాదు. స్వేచ్ఛాసాఫ్టువేరునకును గడువు తీరుట కలదు, కాని తరువాతిది మరల ఉచితముగానే లభించును.

ఇదంతయు మగవారి పని యని ప్రక్కకు తొలగు సోదరీమణులకు ఒక్క మాట. ఒకప్పుడు బ్యాంకు పుస్తకమును, గ్యాసు రెగ్యులేటరును గూడ అట్లే అనిరి. మొదటిసారి తాకుటకే భయము. రెండవసారి పని. మూడవసారికి అది యింటి వస్తువు. సెలవు దినమున పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మూలనున్న ఆ పాత యంత్రముపై దుమ్ము తుడిచి చూడుడు. అది నిజముగా చచ్చినదా, లేక చచ్చినదని యెవరో చెప్పగా మనము నమ్మితిమా యన్నది గంటసేపటిలో తేలును. తేలిన పిదప మారుటయో, మానుటయో మీ యిష్టము. ఆ యిష్టము మీది యగుటయే ఇందు ముఖ్యము.